తిరిగి దాఖలు చేసే దావాలకు కాలపరిమితి (భారతదేశం)

ఒక కోర్టులో వేసిన సివిల్ దావా, అసలు వివాదంపై తీర్పు రాకుండానే కొట్టివేయబడినప్పుడు లేదా వాపసు చేయబడినప్పుడు, అదే విషయంపై మరల దావా వేయడానికి వాదికి మిగిలి ఉండే గడువును తిరిగి దాఖలు చేసే దావాకు కాలపరిమితి అంటారు. భారతదేశంలో ఈ గడువును ప్రధానంగా 1963 నాటి పరిమితి చట్టంలోని 14వ సెక్షను, 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 7, 9, 23వ ఆర్డర్లు నిర్ణయిస్తాయి. వ్యవహారంలో పరిమితి చట్టాన్ని లిమిటేషన్ చట్టమని, గడువు దాటిన బాకీని లేదా దావాను "కాలదోషం పట్టినది" అని అంటారు.

మొదటి దావా కొట్టివేయబడిన రోజు నుండి కొత్తగా పూర్తి గడువు మొదలవుతుందనే అభిప్రాయం ప్రజలలో ఉంది. ఇది సరికాదు. మొదటి దావా ఏ కారణంతో ముగిసిందనే దానిపైనే రెండవ దావా గడువు ఆధారపడి ఉంటుంది. విచారణాధికారం లేని కోర్టులో సద్భావంతో, శ్రద్ధగా గడిపిన కాలం లెక్క నుండి తీసివేయబడుతుంది. వాది నిర్లక్ష్యం వలన పోయిన కాలం తీసివేయబడదు. తీసివేత లభించినప్పుడు కూడా వాదికి దక్కేది మొదటి దావా వేసేనాటికి మిగిలి ఉన్న రోజులు మాత్రమే.

## నేపథ్యం

ప్రతి హక్కుకూ కోర్టును ఆశ్రయించడానికి చట్టం ఒక గడువు విధించింది. కాలం గడిచేకొద్దీ సాక్షులు మరణించడం, పత్రాలు పోవడం, జ్ఞాపకాలు మసకబారడం సహజం. ఎన్నడో జరిగిన వ్యవహారంపై ఎప్పుడైనా దావా వేయవచ్చునంటే ఎవరికీ నిశ్చింత ఉండదు. గడువులు విధించడంలోని ఉద్దేశం ఇదే.

పరిమితి చట్టం అనుబంధంలో ఒక్కొక్క రకం దావాకు ఒక్కొక్క గడువు ఇవ్వబడింది. వాటిలో కొన్ని:

* అప్పుగా ఇచ్చిన సొమ్ము వసూలు - 3 సంవత్సరాలు
* అడిగిన వెంటనే చెల్లించవలసిన ప్రామిసరీ నోటు - నోటు తేదీ నుండి 3 సంవత్సరాలు
* క్రయ ఒప్పందం అమలు చేయించడం - 3 సంవత్సరాలు
* యాజమాన్య హక్కును బట్టి స్థిరాస్తి స్వాధీనం - 12 సంవత్సరాలు
* పరువునష్టానికి పరిహారం - 1 సంవత్సరం
* అనుబంధంలో ప్రత్యేకంగా పేర్కొనని దావాలు - 3 సంవత్సరాలు

చట్టంలోని 3వ సెక్షను ప్రకారం గడువు దాటిన తరువాత వేసిన దావాను, ప్రతివాది ఆ అభ్యంతరం లేవనెత్తకపోయినా, కోర్టు తనంతట తానే కొట్టివేయాలి. అప్పుల విషయంలో కాలదోషం వలన కోర్టు ద్వారా వసూలు చేసుకునే మార్గం మూసుకుపోతుంది గాని బాకీ నశించదు. అందుచేతనే కాలదోషం పట్టిన బాకీని తీర్చుతానని వ్రాసి సంతకం చేసి ఇచ్చిన వాగ్దానం 1872 నాటి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షను ప్రకారం చెల్లుతుంది. స్థిరాస్తి స్వాధీనం విషయంలో ఫలితం మరింత తీవ్రమైనది. 27వ సెక్షను ప్రకారం గడువు ముగియడంతో ఆస్తిపై హక్కే అంతరిస్తుంది. కనుక సరైన కోర్టు ఏదో తెలియక తప్పు కోర్టులో కాలం గడిపిన వ్యక్తికి ఏదో ఒక ఊరట లేకపోతే, వివాదంలోని న్యాయాన్యాయాలు ఎవరూ విచారించకుండానే అతడు భూమిని గాని, సొమ్మును గాని కోల్పోయే ప్రమాదం ఉంది.

## చరిత్ర

ఇంగ్లండులో ఒకటవ జేమ్సు రాజు కాలంలో 1623లో చేసిన పరిమితి శాసనంలోనే ఇటువంటి ఊరట కనిపిస్తుంది. వాది గెలిచిన తీర్పు తరువాత సాంకేతిక దోషం వలన రద్దయినచో, ఒక సంవత్సరంలోపు కొత్త దావా వేసుకోవడానికి ఆ శాసనం వీలు కల్పించింది.

బ్రిటిషు ఇండియాలో 1859, 1871, 1877, 1908 సంవత్సరాలలో వరుసగా పరిమితి చట్టాలు వచ్చాయి. 1877, 1908 నాటి చట్టాలలో కూడా ఈ మినహాయింపు 14వ సెక్షనుగానే ఉంది. హైదరాబాదు రాష్ట్రంలో 1908 నాటి చట్టం 1951 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. స్వాతంత్ర్యానంతరం లా కమిషన్ తన మూడవ నివేదికలో పరిమితి చట్టాన్ని సమీక్షించింది. ఆ తరువాత పార్లమెంటు 1963లో 36వ చట్టంగా ప్రస్తుత చట్టాన్ని ఆమోదించింది. ఇది 1964 జనవరి 1 నుండి అమలులో ఉంది. మొదట జమ్మూ కాశ్మీరుకు వర్తించని ఈ చట్టం, 2019లో ఆ రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ తరువాత అక్కడికి కూడా విస్తరించబడింది.

## మొదటి దావా ముగిసే విధాలు

తిరిగి దావా వేయవచ్చునా, వేయవచ్చునంటే ఎంత గడువులోపు అన్నది మొదటి దావా ముగిసిన తీరును బట్టి ఉంటుంది.

* వాపసు: కోర్టుకు విచారణాధికారం లేనప్పుడు 7వ ఆర్డరు 10వ రూలు ప్రకారం ప్లెయింటు, అనగా దావా పత్రం, సరైన కోర్టులో దాఖలు చేసుకొనుటకై వాదికి తిరిగి ఇవ్వబడుతుంది. 14వ సెక్షను ప్రధానంగా ఉపయోగపడేది ఈ సందర్భంలోనే.
* తిరస్కరణ: దావా హేతువు లేకపోవడం, దావా విలువ తక్కువగా చూపి సరిదిద్దకపోవడం, చాలినంత స్టాంపు చెల్లించకపోవడం వంటి కారణాలతో 11వ రూలు కింద ప్లెయింటు తిరస్కరించబడవచ్చు. 13వ రూలు ప్రకారం అదే హేతువుపై కొత్త ప్లెయింటు వేయడానికి ఈ తిరస్కరణ అడ్డు కాదు. అయితే గడువు మాత్రం కొత్త ప్లెయింటు వేసిన తేదీని బట్టే చూడబడుతుంది.
* ఇరుపక్షాలు హాజరు కాకపోవడం: 9వ ఆర్డరు 3వ రూలు కింద కొట్టివేసిన దావాను, 4వ రూలు ప్రకారం గడువు మిగిలి ఉంటే మరల వేయవచ్చు. లేదా కొట్టివేతను రద్దు చేయమని అర్జీ పెట్టుకోవచ్చు.
* ప్రతివాది హాజరై వాది హాజరు కాకపోవడం: 8వ రూలు కింద కొట్టివేసినచో, 9వ రూలు ప్రకారం అదే హేతువుపై కొత్త దావా వేయరాదు. కొట్టివేతను రద్దు చేయమని కోరడం ఒక్కటే ఆ రూలు చూపే దారి. దానికి గడువు కొట్టివేత తేదీ నుండి 30 రోజులు.
* అనుమతితో ఉపసంహరణ: 23వ ఆర్డరు 1వ రూలు కింద కోర్టు అనుమతి తీసుకొని దావాను ఉపసంహరించుకొన్న వాది కొత్త దావా వేయవచ్చు. కాని 2వ రూలు ప్రకారం, మొదటి దావా అసలు వేయనే లేదన్నట్లుగా గడువు లెక్కింపబడుతుంది.
* అనుమతి లేని ఉపసంహరణ: అదే విషయంపై కొత్త దావా వేయరాదు.
* వారసులను చేర్చకపోవడం: కక్షిదారు మరణించిన 90 రోజులలోపు అతని వారసులను రికార్డులో చేర్చకపోతే, దావా హక్కు నిలిచి ఉన్న సందర్భాలలోనూ, దావా రద్దవుతుంది. అదే హేతువుపై కొత్త దావాకు వీలులేదు. రద్దును తొలగించమని కోరడానికి మరి 60 రోజుల గడువు ఉంది.
* విచారించి ఇచ్చిన తీర్పు: వివాదాంశాలపై కోర్టు తుది నిర్ణయం ఇచ్చినచో, కోడ్ 11వ సెక్షనులోని రెస్ జుడికేటా సూత్రం ప్రకారం అదే వివాదాన్ని మరల లేవనెత్తరాదు. అప్పీలు మాత్రమే మార్గం.

కోర్టు కార్యాలయం చిన్న చిన్న లోపాలు సరిదిద్దమని కాగితాలు తిప్పి పంపడం పైన చెప్పిన వాపసు కంటే భిన్నమైనది. అక్కడ కోర్టు మారదు. ఇచ్చిన గడువులోపు లోపం సవరించి అదే కోర్టులో మరల సమర్పించవలసి ఉంటుంది.

## 14వ సెక్షను

ఈ సెక్షను ఒకటవ ఉపవిభాగం దావాలకు, రెండవది అర్జీలకు వర్తిస్తాయి. మూడవ ఉపవిభాగం ఉపసంహరణకు సంబంధించినది. కోర్టుకు విచారణాధికారం లేకపోవడం వంటి దోషం వలన మొదటి దావా ఎటూ విఫలం కాక తప్పదనే కారణంతో కోర్టు ఉపసంహరణకు అనుమతి ఇచ్చి ఉంటే, 23వ ఆర్డరు 2వ రూలులోని నిషేధంతో నిమిత్తం లేకుండా కాలం మినహాయింపు లభిస్తుంది.

సుప్రీంకోర్టు 2008లో కన్సాలిడేటెడ్ ఇంజనీరింగ్ ఎంటర్‌ప్రైజెస్ కేసులో ఈ సెక్షను వర్తించడానికి కావలసిన షరతులను ఐదుగా క్రోడీకరించింది.

1. మొదటి వ్యవహారం, తరువాతి వ్యవహారం రెండూ సివిల్ వ్యవహారాలై, ఒకే పక్షం నడిపినవై ఉండాలి.
2. మొదటి వ్యవహారం తగిన శ్రద్ధతోను, సద్భావంతోను నడిపి ఉండాలి.
3. అది విఫలం కావడానికి కారణం విచారణాధికార లోపం గాని, అటువంటి స్వభావం గల ఇతర కారణం గాని అయి ఉండాలి.
4. రెండింటిలోను వివాద విషయం ఒకటే కావాలి.
5. రెండూ కోర్టులో జరిగినవై ఉండాలి.

ఈ ఐదింటిలో ఏ ఒక్కటి లోపించినా మినహాయింపు లభించదు. చట్టంలో "వాది", "ప్రతివాది" అనే పదాలకు విస్తృతార్థం ఉంది. వాది ఎవరి ద్వారా హక్కు పొందాడో వారు, ప్రతివాదికి ఎవరి ద్వారా బాధ్యత సంక్రమించిందో వారు కూడా ఆ పదాల పరిధిలోకి వస్తారు. తండ్రి తప్పు కోర్టులో దావా నడుపుతూ మరణించినచో, ఆ కాలాన్ని మినహాయించమని కుమారుడు కోరడానికి ఈ నిర్వచనం ఆధారం అవుతుంది.

మొదటి కోర్టులో గడిచిన కాలం మాత్రమే కాక, దానిపై అప్పీలులోను, రివిజనులోను గడిచిన కాలం కూడా లెక్కకు వస్తుంది. మొదటి కోర్టులో గెలిచి, ప్రతివాది వేసిన అప్పీలును ఎదుర్కొన్న వాది కూడా వ్యవహారం నడిపినట్లే భావింపబడతాడని సెక్షను వివరణలో ఉంది.

## లెక్కించే విధానం

14వ సెక్షను వివరణ ప్రకారం, మొదటి వ్యవహారం ప్రారంభమైన రోజు, ముగిసిన రోజు రెండూ తీసివేయవలసిన కాలంలో కలుస్తాయి. దీనిని ఒక కల్పిత ఉదాహరణతో తెలుసుకోవచ్చు.

ఒక వ్యక్తి 2022 జూన్ 10న వ్రాయించుకొన్న ప్రామిసరీ నోటుపై సొమ్ము వసూలు కాలేదు. నోటు వెనుక చెల్లు గాని, బాకీని ఒప్పుకొంటూ వ్రాసిన ఇతర కాగితం గాని లేదు. మూడేళ్ళ గడువు 2025 జూన్ 10తో ముగుస్తుంది. అతడు 2025 మార్చి 10న ఒక కోర్టులో దావా వేశాడు. ఆ ప్రాంతంపై తనకు అధికారం లేదని కోర్టు సెప్టెంబరు 10న ప్లెయింటును వాపసు చేసింది.

* తీసివేయవలసిన కాలం: మార్చి 10 నుండి సెప్టెంబరు 10 వరకు, రెండు తేదీలూ కలుపుకొని, 185 రోజులు.
* కొత్త చివరి తేదీ: 2025 జూన్ 10కి 185 రోజులు కలిపితే 2025 డిసెంబరు 12.

అనగా మార్చి 10 నాటికి మిగిలి ఉన్న 93 రోజులే సెప్టెంబరు 11 నుండి మరల నడిచాయి. డిసెంబరు 12న సరైన కోర్టులో వేసిన దావా గడువులోపలిది. డిసెంబరు 15న వేసినది కాలదోషం పట్టినది.

అదే వ్యక్తి మొదటి దావాను ఆఖరి రోజైన జూన్ 10న వేసి ఉన్నాడనుకొంటే, తీసివేయవలసినవి 93 రోజులు. జూన్ 10కి 93 రోజులు కలిపితే సెప్టెంబరు 11. ప్లెయింటు సెప్టెంబరు 10న చేతికి వచ్చినచో మరుసటి రోజే సరైన కోర్టులో వేయవలసి ఉంటుంది. భారత చట్టంలో దీనికి అదనంగా అనుగ్రహ దినాలు లేవు. గడువు చివరి వరకు వేచి ఉన్నవారికి తప్పు కోర్టు వలన కలిగే నష్టం ఈ ఉదాహరణ వలన స్పష్టమవుతుంది.

చివరి రోజు కోర్టుకు సెలవు అయినచో, తిరిగి తెరిచిన రోజున దావా వేయడానికి 4వ సెక్షను అవకాశం ఇస్తుంది. ఇక్కడ కోర్టు అనగా విచారణాధికారం గల సరైన కోర్టు అని అర్థం. సెలవుల తరువాత తెరిచిన రోజున తప్పు కోర్టులో దావా వేసినవారికి ఈ సెక్షను రక్షణ లభించదు.

## వాపసు అయిన ప్లెయింటు కొత్త దావాయే

తప్పు కోర్టు వాపసు చేసిన ప్లెయింటును సరైన కోర్టులో వేసినప్పుడు అది పాత దావాకు కొనసాగింపు కాదని, కొత్త దావా అని అమర్‌చంద్ ఇనానీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కొనసాగింపే అయితే మొదటి దావా వేసిన తేదీయే చెల్లుబాటయ్యేది, 14వ సెక్షను అవసరమే ఉండేది కాదు. కొత్త దావా కనుకనే గడువు ప్రశ్న ఉత్పన్నమవుతుంది. 2020లో ఈఎక్స్‌ఎల్ కెరీర్స్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఇటువంటి దావాలో విచారణ మొదటి నుండి జరగాలని తీర్పు చెప్పింది. మొదటి కోర్టులో నమోదైన సాక్ష్యం వద్ద నుండి అందుకొని ముందుకు సాగడం కుదరదు.

వాపసు చేసేటప్పుడు న్యాయాధికారి ప్లెయింటుపై అది దాఖలైన తేదీ, వాపసు చేసిన తేదీ, దాఖలు చేసిన పక్షం పేరు, వాపసుకు కారణం క్లుప్తంగా వ్రాయాలి. రెండవ కోర్టులో రోజుల లెక్కకు ఈ వ్రాతయే ముఖ్యాధారం. 1976 సవరణ ద్వారా చేర్చిన 10ఏ రూలు ప్రకారం, వాపసుకు ముందు కోర్టు తన అభిప్రాయాన్ని వాదికి తెలపాలి. అప్పుడు వాది తాను ఏ కోర్టులో ప్లెయింటు వేయదలచాడో చెప్పి, అక్కడ ఇరుపక్షాలు హాజరు కావలసిన తేదీని నిర్ణయించమని కోరవచ్చు. అలా తేదీ నిర్ణయమైనచో, రెండవ కోర్టు సాధారణంగా ప్రతివాదికి మరల సమన్లు పంపనవసరం లేదు.

## సద్భావం, తగిన శ్రద్ధ

పరిమితి చట్టం ఇచ్చిన నిర్వచనం ప్రకారం, తగిన జాగ్రత్తతోను, శ్రద్ధతోను చేయని పని సద్భావంతో చేసినది కాదు. మనసులో కపటం లేకపోయినంత మాత్రాన ఇక్కడ సరిపోదు. 1958లో మాధవరావు నారాయణరావు పట్వర్ధన్ కేసులో సుప్రీంకోర్టు, జనరల్ క్లాజుల చట్టంలోని నిర్వచనం గాక ఈ కఠినమైన నిర్వచనమే వర్తిస్తుందని, శ్రద్ధను, సద్భావాన్ని నిరూపించవలసిన భారం వాదిపైనే ఉందని తెలిపింది.

న్యాయవాది పొరపాటు సలహా వలన తప్పు కోర్టును ఆశ్రయించిన కక్షిదారులకు కోర్టులు తరచు ఊరట కల్పించాయి. అయితే చట్టం స్పష్టంగా ఉన్న చోట, తక్కువ కోర్టు ఫీజుకై దావా విలువను కావాలని తగ్గించి చూపిన చోట, అభ్యంతరం వచ్చిన తరువాత కూడా మొండిగా అదే కోర్టులో కొనసాగిన చోట ఊరట లభించడం కష్టం. వాయిదాలకు హాజరు కాకపోవడం వలన కొట్టివేయబడిన దావాకు ఈ సెక్షను వర్తించదు. అక్కడ లోపం కోర్టు అధికారంలో లేదు, వాది ప్రవర్తనలో ఉంది.

## అటువంటి స్వభావం గల ఇతర కారణం

విచారణాధికార లోపంతో పాటు "అటువంటి స్వభావం గల ఇతర కారణం" అనే మాటలు చట్టంలో ఉన్నాయి. పక్షాలను గాని, దావా హేతువులను గాని తప్పుగా కలపడం ఇటువంటి కారణమేనని సెక్షను వివరణ చెబుతున్నది. రోషన్‌లాల్ కుఠాలియా కేసులో సుప్రీంకోర్టు ఈ మాటలకు ఉదారమైన అర్థం ఇచ్చింది. వివాదాన్ని గుణదోషాలపై పరిశీలించకుండా కోర్టును అడ్డుకొనే చట్టపరమైన లేదా వాస్తవపరమైన పరిస్థితి ఏదైనా దీని పరిధిలోకి రావచ్చునని ఆ తీర్పు సారాంశం. జఫర్‌ఖాన్ కేసులో మాత్రం ఈ మాటలను "విచారణాధికార లోపం" అనే మాటలతో కలిపి, అదే కోవకు చెందినవిగా చదవాలని పేర్కొంది. దావా గుణదోషాలపై ఓడిపోవడం, సాక్ష్యం చాలకపోవడం ఈ కోవలోకి రావు.

రిట్ పిటిషన్లకు కూడా ఈ సూత్రం వర్తించిన సందర్భాలు ఉన్నాయి. సివిల్ కోర్టుకు వెళ్ళమని చెప్పి హైకోర్టు 226వ అధికరణం కింద జోక్యం చేసుకోవడానికి నిరాకరించినప్పుడు, రిట్ విచారణలో గడిచిన కాలాన్ని దావా గడువు నుండి మినహాయించవచ్చునని 1996లో రామేశ్వర్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది.

## అప్పీళ్ళు, ట్రిబ్యునళ్ళు, మధ్యవర్తిత్వం

14వ సెక్షను దావాలకు, అర్జీలకు మాత్రమే చెప్పబడింది. తప్పు కోర్టులో అప్పీలు వేసినవారు 5వ సెక్షనును ఆశ్రయించి, ఆలస్యానికి తగిన కారణం ఉన్నదని చూపాలి. ఈ రెండు సెక్షన్లకు ముఖ్యమైన భేదాలు ఉన్నాయి.

* 5వ సెక్షను దావాలకు వర్తించదు. 14వ సెక్షను వర్తిస్తుంది.
* 5వ సెక్షను కింద ఆలస్యాన్ని మన్నించడం కోర్టు విచక్షణ. 14వ సెక్షను షరతులు నెరవేరినచో కాలాన్ని మినహాయించి తీరాలి.
* 5వ సెక్షను గడువును పొడిగిస్తుంది. 14వ సెక్షను గడువు లెక్కలో కొంత కాలాన్ని తీసివేస్తుంది.

ట్రిబ్యునళ్ళ విషయంలో న్యాయస్థానాల వైఖరి క్రమంగా మారింది. అమ్మకపు పన్ను అధికారులు కోర్టులు కారు కనుక వారి ఎదుట 14వ సెక్షను వర్తించదని 1975లో పార్సన్ టూల్స్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. 2015లో ఎం.పి. స్టీల్ కార్పొరేషన్ కేసులో, సెక్షను నేరుగా వర్తించకపోయినా దానిలోని సూత్రం అర్ధన్యాయ సంస్థల ఎదుట కూడా వర్తించగలదని తెలిపింది. 2021లో శేష్‌నాథ్ సింగ్ కేసులో దివాలా స్మృతి కింద వేసే అర్జీలకు కూడా ఈ ప్రయోజనాన్ని అంగీకరించింది.

1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టం 34వ సెక్షను ప్రకారం అవార్డును సవాలు చేయడానికి 3 నెలలు, తగిన కారణం చూపినచో మరి 30 రోజులు మాత్రమే గడువు ఉంది. ఆపై 5వ సెక్షనుతో పొడిగించడానికి వీలులేదు. అయినప్పటికీ తప్పు కోర్టులో సద్భావంతో గడిపిన కాలాన్ని 14వ సెక్షను కింద మినహాయించవచ్చునని పైన పేర్కొన్న 2008 నాటి తీర్పు స్పష్టం చేసింది. అదే చట్టం 43వ సెక్షను ప్రకారం, కోర్టు అవార్డును రద్దు చేసినచో, మధ్యవర్తిత్వం ప్రారంభం నుండి రద్దు ఉత్తర్వు వరకు గడిచిన కాలం కూడా మినహాయింపబడుతుంది.

## చెక్కు కేసుల అనుభవం

చెల్లని చెక్కులపై వేసే ఫిర్యాదులు క్రిమినల్ స్వభావం గలవి కనుక 14వ సెక్షను పరిధిలోకి రావు. అయినా తప్పు కోర్టు సమస్య ఎంతమందిని తాకగలదో ఇవి చూపాయి. 2014 ఆగస్టు 1న దశరథ్ రూప్‌సింగ్ రాథోడ్ కేసులో సుప్రీంకోర్టు, చెక్కును తిరస్కరించిన బ్యాంకు ఉన్న చోటనే ఫిర్యాదు వేయాలని నిర్ణయించింది. దానితో, సాక్ష్యం నమోదు దశకు చేరని ఫిర్యాదులను వాపసు చేయవలసి వచ్చింది. వాపసు అయిన 30 రోజులలోపు సరైన కోర్టులో వేసినచో వాటిని గడువులోపల వేసినట్లే పరిగణించాలని అదే తీర్పులో ఆదేశించింది. 2015లో పార్లమెంటు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టాన్ని సవరించి, ఖాతా ద్వారా వసూలుకు వేసిన చెక్కుల విషయంలో, చెక్కు పొందిన వ్యక్తి ఖాతా ఉన్న బ్యాంకు శాఖ ప్రాంతంలోని కోర్టుకు అధికారం కల్పించింది.

## కోవిడ్ కాలం

కోవిడ్ మహమ్మారి కారణంగా 2020 మార్చి 15 నుండి 2022 ఫిబ్రవరి 28 వరకు గల కాలాన్ని గడువుల లెక్క నుండి మినహాయిస్తూ సుప్రీంకోర్టు 2022 జనవరి 10న ఉత్తర్వు ఇచ్చింది. మార్చి 15 నాటికి మిగిలి ఉన్న గడువు 2022 మార్చి 1 నుండి లెక్కకు వచ్చింది. ఆ మధ్యకాలంలో గడువు ముగియవలసిన వ్యవహారాలకు కనీసం 90 రోజులు ఇవ్వబడ్డాయి. ఆ కాలానికి చెందిన దావాలలో 14వ సెక్షను మినహాయింపుతో పాటు దీనిని కూడా గమనించవలసి ఉంటుంది.

## ఇతర దేశాలలో

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో అనేక రాష్ట్రాలు, కొట్టివేయబడిన దావాను మరల వేయడానికి నిర్ణీత కాలాన్ని ఇచ్చే చట్టాలు చేసుకొన్నాయి. న్యూయార్కులో ఇది 6 నెలలు, ఒహాయోలో 1 సంవత్సరం. ఫెడరల్ కోర్టు తన అధికారంలోకి రావని వదిలివేసిన రాష్ట్ర చట్ట వివాదాల గడువు, ఆ దావా పెండింగులో ఉన్నంత కాలమూ, కొట్టివేత తరువాత 30 రోజుల వరకూ నిలుపుదలలో ఉంటుంది. నిలుపుదల అనగా గడియారం ఆగినట్లా, లేక కేవలం 30 రోజుల వెసులుబాటా అనే ప్రశ్నపై 2018లో ఆర్టిస్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో గడియారం ఆగినట్లేనని తీర్పు చెప్పింది. ఆ కేసులో వాది కొట్టివేత తరువాత 59 రోజులకు దావా వేసింది. రెండవ అర్థమే సరైనదైతే ఆమె దావాకు గడువు దాటి ఉండేది.

గడియారం ఆగినట్లు లెక్కించడంలో భారతీయ పద్ధతి దీనిని పోలి ఉంది. అయితే ఆఖరి రోజున దావా వేసిన వ్యక్తికి అమెరికా చట్టం 30 రోజుల వ్యవధి కల్పించగా, భారత చట్టం అటువంటి కనీస వ్యవధిని కల్పించలేదు.

## దావా పత్రంలో చూపవలసిన అంశాలు

7వ ఆర్డరు 6వ రూలు ప్రకారం, గడువు దాటిన తరువాత వేసే దావాలో ఏ కారణంగా మినహాయింపు కోరుతున్నారో ప్లెయింటులోనే వ్రాయాలి. ఆచరణలో ఈ క్రింది విషయాలు అవసరమవుతాయి.

* మొదటి దావా నంబరు, కోర్టు పేరు, దాఖలైన తేదీ, ముగిసిన తేదీ
* వాపసు వ్రాతతో ఉన్న ప్లెయింటు లేదా ఉత్తర్వు సర్టిఫైడ్ నకలు
* మొదటి కోర్టును ఎందుకు ఆశ్రయించారో తెలిపే వివరణ
* మినహాయింపు కోరే రోజుల లెక్క

ప్లెయింటును వాపసు చేసిన ఉత్తర్వుపైనా, తిరస్కరించిన ఉత్తర్వుపైనా అప్పీలు చేసుకొనే హక్కు ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో దావా విలువను బట్టి జూనియర్ సివిల్ జడ్జి, సీనియర్ సివిల్ జడ్జి, జిల్లా జడ్జి కోర్టుల మధ్య అధికార పరిధి విభజింపబడి ఉంది. కోడ్ 15వ సెక్షను ప్రకారం అధికారం గల కోర్టులలో అన్నిటికంటే క్రింది స్థాయి కోర్టులోనే దావా వేయాలి. న్యాయవాదిని నియమించుకొనే స్తోమత లేనివారు, స్త్రీలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు మొదలైనవారు 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం కింద ఉచిత న్యాయసహాయం కోరవచ్చు. ప్లెయింటు వాపసు అయిన తరువాత మిగిలి ఉండే గడువు కొద్ది రోజులే కావచ్చును కనుక, సహాయం కోరినంత మాత్రాన గడువు నిలిచిపోదని, సరైన కోర్టులో దావా దాఖలైన తేదీయే లెక్కకు వస్తుందని గుర్తించవలసి ఉంటుంది.